చెవి వెనక కుట్టు

ఆల్టరేషనక్క పని ఎప్పుడూ మనుషుల వెనకాలే. ప్యాంటు నడుము వదులైందని ఒకరు, కోటు భుజాలు జారుతున్నాయని ఒకరు, పెళ్ళినాటి గౌను ఇప్పుడు ఊపిరాడనివ్వడం లేదని మరొకరు వస్తారు. వాళ్ళను ముందుగదిలో నిలువుటద్దం ఎదుట నిలబెట్టి, తను వెనక్కి చేరి, పెదాల మధ్య గుండుసూదులు పట్టుకుని, గుడ్డ ఎక్కడ పట్టాలో ఎక్కడ వదలాలో చూస్తుంది. వచ్చినవాళ్ళు అద్దంలో తమను తాము చూసుకుంటారు. అక్కకు మాత్రం వాళ్ళ భుజం మీదుగా, నోటినిండా సూదులతో, తన ముఖమే కనిపిస్తుంది. రోజుకు ఎన్నిసార్లో. కొత్త గౌను పక్కన పాత ముఖం.

ఆ ముఖం ఎప్పుడు జారడం మొదలుపెట్టిందో ఆవిడ గమనించలేదు. గమనించేసరికి బుగ్గలు కిందికి దిగి దవడ అంచున మడతపడి కూర్చున్నాయి. గడ్డం కింద చర్మం ఒక సైజు పెద్దది కొన్నట్టు వేలాడుతోంది. "వేరేవాళ్ళ కొలతలకు కుట్టిన ముఖం నేను తొడుక్కొచ్చాను, అసలు మనిషి వచ్చి అడిగితే ఇచ్చెయ్యాలి" అని కస్టమర్లను నవ్వించేది. ఇంకొకరు అనకముందే తన మీద తాను జోకు వేసుకోవడం ఆవిడకు అలవాటు. ఆ అవకాశం పొరపాటున కూడా ఎవరికీ వదిలిపెట్టదు.

భర్త గడియారాలు బాగుచేస్తాడు. అదే ముందుగదిలో కిటికీవైపు సగం ఆయనది, గోడవైపు సగం ఈవిడది. ఒక కంటికి భూతద్దం బిగించుకుని, చిన్న పట్టకారుతో చీమతలంత మరల్ని తీస్తూ పెడుతూ ఉంటాడు. భార్యకంటే రెండేళ్ళు పెద్ద. అయినా జుట్టు నల్లగానే ఉంది, చెంపలు బిగుతుగానే ఉన్నాయి. దానికోసం ఆయన చేసిందేమీ లేదు, ముఖం కూడా ఆదరాబాదరాగా కడుగుతాడు. అక్క కడుపుమంటంతా అదే.

ఒకరోజు అక్క లోపలి గదిలో ఇస్త్రీ చేసుకుంటుంటే ఎవరో కొత్తాయన కోటు పట్టుకుని వచ్చాడు. చేతులు పొట్టి చెయ్యాలని ముందుగదిలో ఉన్న భర్తతో చెప్పి, "ఇందాక వీధిలో మీ అమ్మగారు కనిపించి ఇక్కడ ఇవ్వమన్నారండి, ఆవిడ వచ్చాక కాస్త చెప్పండి" అన్నాడు.

లోపల అక్క చేతిలో ఇస్త్రీపెట్టె గాల్లో ఆగిపోయింది. వీధిలో ఆయనకు దుకాణం చూపించింది తనే. ఇప్పుడు భర్త, ఆవిడ మా అమ్మ కాదండీ, నా భార్య అంటాడని చెవులు రిక్కించుకుని నిలబడింది. ఆయన నవ్వాడు. పెద్ద నవ్వేం కాదు, చిన్నదే. తర్వాత, అలాగేనండీ అని కోటు తీసుకున్నాడు.

ఆ సాయంత్రం అక్క ఏమీ గొడవ పెట్టుకోలేదు. మీ తల్లినైతే ఈ ఇంట్లో నాకు ఇంకాస్త మర్యాద దక్కేది అని ఒక విసురు విసిరి ఊరుకుంది. కానీ ఆ నవ్వు మాత్రం, తీయడం మర్చిపోయి అంచులో ఉంచేసిన గుండుసూదిలా, ఎటు కదిలినా గుచ్చుకుంటూనే ఉంది.

ముఖం బిగించే డాక్టరు ఒకడున్నాడని ఎవరి ద్వారా తెలుసుకుందో, ఎన్నిసార్లు ఆ క్లినిక్కు మెట్లదాకా వెళ్ళి వెనక్కి వచ్చిందో ఆవిడకే తెలియాలి. తీరా లోపలికి వెళ్ళాక మాత్రం పుట్టింటికి వెళ్ళినట్టే అనిపించింది. డాక్టరు చెంప మీది చర్మాన్ని రెండు వేళ్ళతో పట్టి చూశాడు, పైకి లాగి చూశాడు, పెన్నుతో చెవి ముందునుంచి చెవి వెనక్కి గీత గీశాడు. చాక్‌ముక్కతో తను చేసే పనే ఇది. "కాస్త లోపల గుడ్డ వదలండి డాక్టరుగారూ, రేపు ఒళ్ళు చేస్తే మళ్ళీ వదులు చేసుకోవాలిగా" అంది. డాక్టరు నవ్వలేదు. పని తెలిసినవాడే అనుకుంది అక్క.

భర్తతో చెప్పినప్పుడు ఆయన పట్టకారు కింద పెట్టి, ఇప్పుడేమైందని అన్నాడు. ఎందుకొచ్చిన నొప్పి, ఎందుకొచ్చిన అవస్థ, రేపు మంచం మీద పడుకుని మూలిగితే ఎవరు చూస్తారు అని కూడా అన్నాడు. నీ ముఖానికేం తక్కువ అనే మాట ఒక్కటి అని ఉంటే ఏమయ్యేదో తెలియదు. ఆయన అనలేదు. అక్కకు రోషం పొడుచుకొచ్చింది.

"నా ముఖం, నా బాధ. వాపొచ్చినా జ్వరమొచ్చినా నేనే చూసుకుంటా. మిమ్మల్ని ఒక్క గ్లాసు మంచినీళ్ళు అడిగితే అప్పుడనండి."

భర్త గడియారాల మనిషి. ఏ టైముకు అలారం పెడితే ఆ టైముకే మోగాలి, పెట్టకపోతే మోగకూడదు. భార్య అన్న మాటను ఆయన అలాగే లోపల పెట్టుకున్నాడు.

ఆపరేషన్ అయ్యాక ఇంటికి పంపుతూ నర్సు జాగ్రత్తలన్నీ చెప్పింది. తల ఎత్తుగా పెట్టుకుని వెల్లకిలా పడుకోవాలి. వంగకూడదు, బరువులెత్తకూడదు. తల మీదుగా తొడిగే బట్టలు వద్దు. మెత్తటి తిండి, ఉప్పు తక్కువ. చల్లటి గుడ్డతో ఒత్తుకోవచ్చు గానీ ఐసుముక్క నేరుగా పెట్టకూడదు. అన్నిటికంటే ముఖ్యం, చెవుల చుట్టూ కొన్నాళ్ళు మొద్దుబారి ఉంటుంది, కాలినా కోసుకున్నా తెలియదు, అందుకని అక్కడ చెయ్యి పెట్టొద్దు. మధ్యలో కొన్ని రోజులు ఊరికే ఏడుపొస్తుంది, అది కూడా మామూలే, భయపడొద్దు అంది. అక్క అన్నిటికీ తల ఊపాలనుకుంది. తల ఊగలేదు. నెత్తినుంచి గడ్డం కిందిదాకా కట్టు బిగించి ఉంది.

ఇంటికొచ్చి నిలువుటద్దంలో చూసుకుంది. కళ్ళు రెండూ గీతల్లా ఉన్నాయి. ముఖమంతా, గలీబు సరిపోకపోయినా కుక్కి కుక్కి దూది నింపిన దిండులా ఉంది. వంకాయ రంగు ఒకచోట, ఇంకు రంగు ఒకచోట. వయసు తగ్గించుకుందామని వెళ్తే మనిషి జాతి నుంచే తప్పించారు అనుకుంది. నవ్వొచ్చింది. నవ్వితే ముఖం కదల్లేదు, లోపల్నుంచి ఎవరో తాడుతో లాగినట్టైంది. తన జోకుకు తనే నవ్వలేని పరిస్థితి ఆవిడకు పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి.

మొదటి చిక్కు బట్టల దగ్గరే వచ్చింది. ఊళ్ళో సగం మందికి బట్టలు సరిచేసే మనిషి, తన అల్మారా అంతా వెతికితే ముందు గుండీలున్న బట్ట ఒక్కటి లేదు. అన్నీ తల మీదుగా దూర్చేవే. చేసేది లేక భర్త చొక్కా తీసి తొడుక్కుంది. అడగలేదు కాబట్టి మాట తప్పినట్టు కాదని తీర్పు కూడా తనే చెప్పుకుంది. ఆయన ఆ చొక్కా కోసం అల్మారా తెరిచి, భార్య ఒంటిమీద చూసి, ఇంకొకటి తొడుక్కుని వెళ్ళిపోయాడు.

రెండో చిక్కు కింద పడ్డ సూదులు. వంగకూడదు, కానీ నేల మీద సూది మెరుస్తుంటే ఆవిడ ప్రాణం నిలవదు. అయస్కాంతాన్ని కర్రకు కట్టి గదంతా తిప్పేది. కట్టు కట్టిన తల, మగవాడి చొక్కా, చేతిలో కర్ర. నన్నిప్పుడు పంటపొలంలో నిలబెడితే పిట్టలు పక్క ఊరికి వలస పోతాయి అనుకునేది.

తక్కినవన్నీ బుద్ధిగానే చేసింది. మూడు దిండ్లు ఆనించుకుని పడుకునేది. జావ చల్లార్చుకుని చెంచాతో కొంచెం కొంచెం తాగేది. గుడ్డ తడిపి, పిండి, చెంపల మీద వేసుకునేది. ఇంట్లోనే మెల్లగా అటూ ఇటూ నడిచేది. మంచం పక్కన ఫ్లాస్కులో గోరువెచ్చటి నీళ్ళు ఎప్పుడూ నిండుగానే ఉండేవి. అవి తనెప్పుడు నింపిందో ఆవిడకు గుర్తొచ్చేది కాదు. మందుల మత్తులో నింపి ఉంటాలే అని సర్దిచెప్పుకుంది. ఇంట్లో ఉన్నది ఇద్దరే మనుషులన్న సంగతి మీద మాత్రం ఎక్కువసేపు ఆలోచించలేదు.

ఏడుపు రోజులూ వచ్చాయి. నిక్షేపంలాంటి ముఖాన్ని చేతులారా చెడగొట్టుకున్నానని దిండ్ల మీద కూర్చుని కన్నీళ్ళు కార్చింది. ముఖం కదలకుండా ఏడవడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. ఇంత కష్టపడి ఏడవడం నావల్ల కాదని మానేసింది.

రెండు వీధుల అవతల ఉండే వదినకు, అంటే భర్త సొంత అక్కకు, అసలు సంగతి చెప్పలేదు. ఆవిడకు చెప్తే ఊరికి చెప్పినట్టే. పన్ను పీకించుకున్నానని ఫోన్లో చెప్పి నోరు కట్టేసుకుంది. పన్ను పీకించుకున్న మనిషిని చూడకుండా వదిన ఊరుకుంటుందని అనుకోవడం అక్క చేసిన తప్పు. ఒక గిన్నెలో సూప్ మూతపెట్టుకుని ఆవిడ వచ్చేసింది. అప్పటికి కట్టు విప్పేశారు. అక్క గబగబా తల చుట్టూ స్కార్ఫు చుట్టుకుని కూర్చుంది.

వదిన ఎదురుగా కుర్చీ లాక్కుని, గిన్నె ఒళ్ళో పెట్టుకుని, అక్క ముఖాన్ని తాపీగా చదివింది.

"ఏ వైపు పన్నే?"

"ఎడమవైపు, వదినా."

"మరి కుడిచెంప ఎందుకు కమిలింది?"

"అటు కూడా ఒకటి పీకారు."

"మెడ పసుపుపచ్చగా ఉందేంటి?"

"పంటి వేళ్ళు లోతుగా దిగాయట వదినా."

ఆ పళ్ళ డాక్టరు కసాయివాడై ఉంటాడని వదిన తేల్చేసింది. తమ్ముడు ఏం చేస్తున్నాడని అడిగింది. కిటికీ దగ్గర తమ్ముడు తలెత్తకుండా గడియారం లోపలికి ఇంకాస్త దూరిపోయాడు. వెళ్ళబోతూ వదిన లేచి, అక్క వెనక్కొచ్చి, జారిన స్కార్ఫు సర్దబోయి ఆగింది. "చెవి వెనక నల్లదారం వేలాడుతోందే నీకు. ఈ స్థితిలో కూడా మిషను మీద కూర్చున్నావా?" అని దాన్ని లాగడానికి వేళ్ళు చాపింది. అక్క ఎగిరిపడి స్కార్ఫు రెండు చేతులా పట్టుకుంది. నేను తీసుకుంటాలే వదినా అంది. వదినను గుమ్మం దాటించేసరికి తల ప్రాణం తోకకొచ్చింది.

ఆ తర్వాత జరిగిందే అసలు సంగతి.

దారం వేలాడుతోందన్న మాట విన్నాక అక్క కుదురుగా కూర్చోలేకపోయింది. భర్త ఏదో గడియారం ఇవ్వడానికి బయటికి వెళ్ళాడు. నిలువుటద్దానికి వీపు పెట్టి, చేతిలో చిన్నద్దం పట్టుకుని చూసింది. నిజమే. ఎడమచెవి వెనక, కుట్ల వరస చివర, నల్లటి దారం కొస వేలెడు పొడుగున పొడుచుకొచ్చి ఉంది. అక్క చేతిలోంచి వెళ్ళిన బట్టకు దారం కొస కనిపించిందంటే ఆవిడకు ఆ రోజు అన్నం సహించదు. లోపలివైపు తిప్పి, కొసలన్నీ కత్తిరించి, చేత్తో నిమిరి చూశాకే మడతపెడుతుంది. ఇంత చదువుకున్న డాక్టరు, ఇంత మంచి కుట్టు వేసి, కొస అలా వదిలేస్తాడా? పాపం, పని తొందరలో మర్చిపోయి ఉంటాడు. దానికోసం ఆయన్ని ఇబ్బంది పెట్టడం ఎందుకు?

మిషను మీద దారాలు తుంచే చిన్న కత్తెర చేతికి వచ్చేసింది. ఎప్పుడు తీసిందో ఆవిడకే తెలియదు. రెండద్దాల మధ్య చెయ్యి ఒకవైపు జరపబోతే ఇంకోవైపు పోతోంది. రెండుసార్లు గాలిని కత్తిరించింది. మూడోసారి టక్కుమంది. బట్టకు చేసినట్టే, మొదలంటా, నున్నగా. నొప్పేమీ లేదు. మొద్దుబారిన చోట నొప్పి ఎలా తెలుస్తుంది? ఎంత శుభ్రంగా ఉందో అని చిన్నద్దంలో చూసుకుని మురిసిపోయింది కూడా.

కొసతోపాటు ముడి కూడా పోయిందని పొద్దున్నే దిండు చెప్పింది. గలీబు మీద గులాబీ రంగు మరక. అద్దాలు పట్టి చూస్తే కుట్ల వరస చివర చిన్న నోరు తెరుచుకుని ఉంది.

మొదట ఆవిడకు వచ్చిన ఆలోచన ఏమిటో తలుచుకుంటే ఆవిడకే ఒళ్ళు జలదరిస్తుంది. దారాల డబ్బా తెరిచి, చర్మం రంగుకు దగ్గరగా ఉండే దారం ఏదా అని వెతికింది. రెండు రీళ్ళు తీసి చెంప పక్కన పెట్టి పోల్చింది కూడా. అప్పుడు అద్దంలో తన కళ్ళు తనకే కనిపించాయి. ఏం చేస్తున్నావే పిచ్చిదానా అని రీళ్ళు డబ్బాలో పడేసి, డబ్బా తీసుకెళ్ళి మంచం కిందకు తోసేసింది. వంగకూడదన్న సంగతి అప్పుడు గుర్తు లేదు.

దూది పెట్టి, పైన ప్లాస్టరు అంటించి, స్కార్ఫు చుట్టుకుంది. ఎవరికి చెప్పాలి? డాక్టరుకు చెప్తే, నా కుట్టును నువ్వు కత్తిరిస్తావా అంటాడు. భర్తకు చెప్తే ఏమంటాడో తెలియదు. ఏమన్నా ఫరవాలేదు, నవ్వితే? ఆ నవ్వు ఇంకోసారి వింటే ఈ కుట్లు కాదు కదా, దేవుడు వేసిన కుట్లు కూడా ఊడిపోతాయనిపించింది. మంచినీళ్ళు కూడా అడగనన్న మనిషి, నా ముఖం నేనే కత్తిరించుకున్నాను కాస్త చూడండి అని ఏ ముఖం పెట్టుకుని అడుగుతుంది?

ఆ రోజు గడిచింది. మరునాటికి ఎడమచెంప కుడిచెంప కంటే ఉబ్బింది. తాకితే వెచ్చగా ఉంది. రెండు వైపులా ఒకేలా కమిలిన ముఖం కాస్తా ఇప్పుడు ఒక పక్కకు ఒరిగినట్టు కనిపిస్తోంది. ఒక భుజం ఎత్తు, ఒక భుజం పల్లం ఉన్న కోటు ఎన్నిసార్లు చూడలేదు తను. అలాంటి కోటును విప్పి మళ్ళీ కుట్టొచ్చు. ముఖాన్ని విప్పుతారా? బతికినన్నాళ్ళూ ఇలా వంకరగా ఉండిపోతే? అక్క వంటగదిలోకి వెళ్ళి తలుపు చేరవేసి, గొంతు తగ్గించి నర్సుకు ఫోన్ చేసింది.

"అమ్మా, మా బంధువు ఒకావిడ ఉంది. ఆవిడకీ మీ దగ్గరే ఈ ఆపరేషన్ అయింది. చెవి వెనక దారం కొస కనిపిస్తే కత్తిరించిందట."

అవతల నర్సు ఏవో కాగితాలు తిరగేసిన చప్పుడైంది.

"ఆ బంధువు టైలరా అండీ?"

"అవునమ్మా."

నర్సు కోప్పడలేదు. ఏ వైపు, ఎప్పుడు, జ్వరం ఉందా, ఏమైనా కారుతోందా అని అడిగింది. అన్నీ విని ఇలా అంది: "మీ బంధువు తన చెవి వెనక తను చూసుకోలేదు కదండీ. ఇంట్లో ఎవరినైనా చేతులు కడుక్కుని చూడమనండి, ఎంత తెరుచుకుందో నాకు చెప్పమనండి. చూశాక వెంటనే బయల్దేరి రండి. రేపటిదాకా ఆగొద్దు."

ఇంట్లో ఎవరైనా అంటే ఉన్నది ఒక్కరే.

భర్త బల్ల దగ్గర కంటికి భూతద్దం పెట్టుకుని కూర్చున్నాడు. ముందర ఒక చేతిగడియారం పొట్ట తెరుచుకుని ఉంది. అక్క వెళ్ళి బల్ల పక్కన నిలబడింది. ఆయన తలెత్తలేదు. అక్క స్కార్ఫు విప్పుకుని పక్కకు తిరిగింది.

"ఏమండీ, నా చెవి వెనక ఒకసారి చూస్తారా?"

కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు. కుళాయి చప్పుడు, సబ్బు వాసన. తర్వాత ఆయన వేళ్ళు, తడి ఆరిన వేళ్ళు, చెవి అంచును మెల్లగా ముందుకు మడిచాయి. దీపం ఇటు తిప్పు అన్నాడు. తిప్పింది. ప్లాస్టరు తీస్తుంటే ఊపిరి బిగబట్టాడు, గడియారం మర ఎత్తేటప్పుడు బిగబట్టినట్టే. భూతద్దంలోంచి చాలాసేపు చూశాడు. అక్క గోడవైపు చూస్తూ, నవ్వు ఎప్పుడు వస్తుందా అని ఎదురుచూసింది. అది రాకపోతే ఇంకా భయమేసింది.

"దారం వేలాడుతుంటే కత్తిరించాను. నేనే" అంది. "నవ్వండి, ఫరవాలేదు."

"ఎప్పుడు?"

"మొన్న. వదిన వచ్చిన రోజు."

"మొన్నట్నుంచీ ఇలాగే తిరుగుతున్నావా?"

ఆయన గొంతులో నవ్వు లేదు. గడియారం మూత కూడా మూయకుండా లేచి, ఫోన్లో నర్సుకు చెప్పాడు. గోరు పొడుగున తెరుచుకుందనీ, అంచులు ఎర్రగా ఉన్నాయనీ, కాస్త చీములాగా ఉందనీ, వినేవాళ్ళకు కళ్ళకు కట్టినట్టు చెప్పాడు. టాక్సీ పిలిచాడు.

టాక్సీలో కిటికీ అవతలికి చూస్తూ అక్క అడిగేసింది. ఆ కోటాయన మీ అమ్మగారన్నప్పుడు మీరెందుకు నవ్వారు అని. ఏ కోటాయన అని ఆయన అడగలేదు. అంటే ఆయనకూ గుర్తుందన్నమాట.

"ఏమనాలో తోచలేదు" అన్నాడు. "నా భార్య అంటే అతను సిగ్గుతో చచ్చిపోతాడు. లోపల నువ్వు వింటావు. అతనన్నది నువ్వు వినలేదేమో అనుకున్నాను. నవ్వేస్తే అయిపోతుందనుకున్నాను."

"అయిపోలేదు."

"చూస్తున్నాగా."

అక్క కళ్ళు మూసుకుంది. ఒక్క నవ్వు కోసమే అయితే, ముఖమంతా విప్పించుకునే బదులు ఈయన నోటికి రెండు కుట్లు వేయిస్తే సరిపోయేది కదా అనుకుంది. కానీ నిజం చెప్పుకోవాలి. ఆ నవ్వు ఒక్కటే కాదు. కస్టమర్ల భుజాల మీదుగా రోజూ కనిపించిన ఆ ముఖం కూడా ఉంది. ఆయన నవ్వకపోయినా ఏదో ఒకరోజు ఆ మెట్లు ఎక్కేదే. ఆయన నవ్వు మీదకు నెట్టడం సులువని నెట్టింది, అంతే.

డాక్టరు చెవి వెనక కడిగి, చూసి, మళ్ళీ కుట్లు వేశాడు. చీము ఇంకా లోపలికి దిగలేదని, మందులు మింగితే తగ్గిపోతుందని అన్నాడు. కత్తిరించినందుకు ఆయనేమీ అనలేదు. పెద్ద కొస ఎందుకు వదులుతామంటే, తర్వాత తీసేటప్పుడు పట్టుకోవడానికని మాత్రం చెప్పాడు. కోప్పడింది దాచినందుకు. ఇంకో రెండు రోజులు దీన్ని స్కార్ఫు కింద దాచి ఉంటే ముఖం సంగతి నేను చెప్పలేను అన్నాడు. చెవి వెనక కాస్త ముడత మిగలొచ్చు, ఎదుటినుంచి చూసేవాళ్ళకు కనిపించదు అని కూడా అన్నాడు. వెళ్ళబోతుంటే, ఇకనుంచి మందు రాసేది మీరు కాదు, మీవారు అని ఇంకా కత్తెర పట్టుకుని ఉందేమో అన్నట్టు అక్క చేతివైపు చూశాడు.

అక్కడినుంచి ఉదయం సాయంత్రం అదొక తంతు. అక్క స్టూలు మీద కూర్చోవాలి, దీపం తిప్పాలి. ఆయన చేతులు కడుక్కుని, భూతద్దం పెట్టుకుని, కాచి చల్లార్చిన నీళ్ళలో దూది ముంచి, తుడిచి, మందు రాయాలి. కూర్చున్న మనిషి ఊరికే ఉండాలిగా. పైనుంచి కిందికి తుడవండి, అలా కాదు, ఎక్కువ రాయకండి అని ఆపకుండా చెప్తూనే ఉండేది. కనిపించని చోటు గురించి ఇన్ని ఎలా చెప్తావు అన్నాడాయన ఒకసారి. అలవాటండీ, ఎదుటివాళ్ళకు వాళ్ళ వీపు గురించి చెప్పే పనే కదా నాది అంది.

ఒకరోజు ఆ తంతు జరుగుతుండగానే వదిన ఖాళీ గిన్నె కోసం వచ్చి గుమ్మంలో నిలబడిపోయింది. తమ్ముడి కంటికి భూతద్దం, మరదలి చెవి మడత, చెవి ముందూ వెనకా కుట్లు. అన్నీ ఒక్క చూపులో చూసింది.

"పన్ను చెవి వెనక ఉంటుందటే నీకు?"

ఇక దాచి లాభం లేదు. అక్క మొదట్నుంచీ చెప్పింది, కత్తెర సంగతితో సహా. వదిన కుర్చీలో కూలబడి వింది. ఆవిడకు ఆపరేషన్ చేయించుకున్నందుకు కోపం లేదు, అబద్ధం చెప్పి తనచేత ఉప్పులేని సూప్ చేయించినందుకు కోపం. ఆ కోపం ఎంతోసేపు నిలవలేదు. ఆరా తీయాల్సినవి బోలెడున్నాయి మరి. ఎంత లాగారు, మత్తు ఎక్కడ ఇచ్చారు, నమిలితే ఎలా ఉంటుంది అని వరసపెట్టి అడిగి, చివరికి దగ్గరికి జరిగింది.

"ఆ మిగిలిన చర్మం ఏం చేశారే?"

"అడగలేదు వదినా."

"అదేంటి? మిగిలిన గుడ్డముక్క నువ్వు అందరికీ లెక్కగా ఇచ్చేస్తావుగా."

అక్కకు నవ్వు ముంచుకొచ్చింది. రెండు అరచేతులతో చెంపలు రెండూ అదిమిపట్టుకుని, ఇంకో మాట అనకండి వదినా, కుట్లు ఊడతాయి అని బతిమాలింది. వెనక భర్త దూది పట్టుకున్న చెయ్యి కూడా వణుకుతోంది. ఆయన నవ్వుతున్నాడు. ఈసారి ఆ నవ్వు ఆవిడను ఎక్కడా గుచ్చుకోలేదు.

కుట్లు తీసేశారు. ఎడమచెంప వాపు మెల్లగా దిగి, కుడిదానితో సమానంగా వచ్చి ఆగింది. మచ్చలు మెడదాకా జారి, పసుపు తిరిగి, మాసిపోయాయి. ఇరవై ఏళ్ళేమీ వెనక్కి పోలేదు. దవడ అంచు మాత్రం తేలింది. బాగా నిద్రపోయి లేచిన మనిషిలా ఉంది. వీధిలో వాళ్ళు, పన్ను పోయాక ఒళ్ళు తేలికైనట్టుంది నీకు అన్నారు. వదిన ఎందుకో అసలు సంగతి ఎవరికీ చెప్పలేదు. అది ఎలా సాధ్యమైందో ఇప్పటికీ అంతుపట్టదు.

అక్క మళ్ళీ మిషను ముందు కూర్చున్న రోజు ఉదయం, మందు రాయాల్సిన పని అయిపోయినా స్టూలు వేసుకుని భర్తకు వీపు పెట్టి కూర్చుంది. చెవి ముందుకు మడిచి పట్టుకుంది.

"ఎలా ఉందో చూసి చెప్పండి. ఉన్నది ఉన్నట్టు."

ఆయన భూతద్దం పెట్టుకున్నాడు. పెట్టుకుని, చూసి, తీసేశాడు.

"ముందువైపు బాగా కుదిరింది. వెనక చివర కొంచెం ముడతపడింది."

"కొంచెమంటే?"

"నువ్వైతే విప్పి మళ్ళీ కుట్టేదానివి."

అక్క చెవి వదిలేసింది. జుట్టు వెనక్కి సర్దుకుంది. స్టూలు జరిపి లేస్తూ, పోన్లెండి, ఉండనివ్వండి అంది. గుమ్మంలో ఎవరో పొడుగు ప్యాంటు పట్టుకుని నిలబడి ఉన్నారు. అక్క రెండు సూదులు పెదాల మధ్య పెట్టుకుని వాళ్ళ వెనక్కి వెళ్ళింది.